సైన్స్ వార్త పిల్లల చేతికి అందేదెలా?

ఒంగోలు నుంచి మీరు రాసిన ఉత్తరం అందింది. ఏడో తరగతి చదివే మీ అమ్మాయి, ఐదో తరగతి చదివే అబ్బాయి రోజూ గంటసేపు ఫోనులో సైన్స్ వీడియోలు చూస్తారని, కృష్ణబిలాల గురించి, డైనోసార్ల గురించి గడగడా చెబుతారని, కానీ "అది ఎలా తెలిసింది?" అని అడిగితే మాత్రం నోరు మెదపరని రాశారు. పిల్లలకు పనికొచ్చే సైన్స్ వార్తలు ఎక్కడ దొరుకుతాయి, ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చేవాళ్లకు తెలుగులో ఏమున్నాయి, డబ్బు కట్టి యాప్ తీసుకోవాలా అని అడిగారు. ఆదిలాబాదు జిల్లాలో ముప్పై ఏళ్లకు పైగా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో భౌతికశాస్త్రం చెప్పాను. పదవీ విరమణ అయ్యాక కూడా ఆదివారాలు మా వీధి పిల్లలతోనే గడుస్తాయి. మీ బెంగ నాకు బాగా తెలిసిందే.

సైట్ల పేర్లు చెబుతాను. అంతకుముందు ఒక సంగతి. వారానికి ఒక్క వార్త చాలు. ఆ ఒక్కటీ పిల్లలు చేత్తో పట్టుకుని, కొలిచి, గీసి చూసేదాకా వదలకండి. పది వీడియోలు చూసిన పిల్లవాడికీ ఒక వార్తను వారమంతా పట్టుకుని కూర్చున్న పిల్లవాడికీ తేడా ఎంతో ఒక ఉదాహరణతో చెబుతాను.

2023 ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు విక్రమ్ ల్యాండర్ చంద్రుడి మీద దిగినప్పుడు పదిహేను మంది పిల్లలు మా వరండాలో కూర్చుని చూశారు. చప్పట్లు కొట్టారు, మిఠాయిలు తిన్నారు, ఇళ్లకు వెళ్లిపోయారు. అప్పటికి అది పండుగ మాత్రమే. నాలుగు రోజుల తర్వాత ఇస్రో ఒక చిన్న గ్రాఫు విడుదల చేసింది. విక్రమ్‌లోని చాస్టే అనే పరికరం చంద్రుడి మట్టిలోకి ఒక చువ్వను దించి, వేర్వేరు లోతుల్లో ఎంత వేడి ఉందో కొలిచింది. ఆ చువ్వకు పది ఉష్ణోగ్రతా సెన్సర్లు ఉన్నాయి. పది సెంటీమీటర్ల లోతు దాకా దిగగలదు. చంద్రుడి దక్షిణ ధ్రువం వైపున ఇలా మట్టిలోకి దించి కొలవడం అదే మొదటిసారి. పత్రికల్లో ఆ వార్త నాలుగు వాక్యాలకు మించలేదు. నేను మాత్రం ఆ గ్రాఫును పెద్ద కాగితం మీద గీసి పిల్లల ముందు పరిచాను. పైపొరలో 50 డిగ్రీల పైమాటే. ఎనిమిది సెంటీమీటర్లు కిందికి వెళ్లేసరికి సున్నాకు దిగువన 10 డిగ్రీలు.

ఎనిమిది సెంటీమీటర్లంటే ఎంతో చూపించమన్నాను. ఒకమ్మాయి నాలుగు వేళ్లు అడ్డంగా పెట్టి చూపింది. బెత్తెడు. బెత్తెడు లోతులో 60 డిగ్రీల తేడా అంటే ఎవరూ నమ్మలేదు. కాసేపటికి వెనక కూర్చున్న కుర్రాడు, "టీచర్, ఎండాకాలంలో వాగు ఇసుక కూడా అంతే కదా! పైన కాళ్లు కాలిపోతాయి, బొటనవేలితో తవ్వుకుంటే చల్లగా ఉంటుంది" అన్నాడు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో అంత సంతోషం కలిగించిన మాటలు నేను విన్నవి కొన్నే.

మరుసటి మే నెల దాకా ఆగాం. బకెట్ నిండా ఎండు ఇసుక పోసి పొద్దున్నుంచి ఎండలో ఉంచాం. ప్రయోగశాలలో వాడే థర్మామీటరుతో మధ్యాహ్నం రెండు గంటలకు కొలిస్తే పైన 56 డిగ్రీలు, బెత్తెడు లోతున 39. (జ్వరం చూసే థర్మామీటరు ఇందుకు వాడనివ్వకండి. అది 42 డిగ్రీల దాకా చూపడానికే చేసింది, గాజుది పగిలితే పాదరసం బయటికి వస్తుంది.) మన ఇసుకలో తేడా 17 డిగ్రీలే వచ్చింది, చంద్రుడి మీద 60 ఎందుకు వచ్చింది? ఇక ప్రశ్నలన్నీ పిల్లలవే. అక్కడ గాలి లేదు. మట్టి పిండిలా ఉంటుంది, రేణువుకూ రేణువుకూ మధ్య ఖాళీయే. వేడి ఒక రేణువు నుంచి ఇంకో రేణువుకు అందుకోవడమే కష్టం, కాబట్టి కిందికి దిగదు. ఈ సంగతి వాళ్లు పాఠంలో ఉష్ణవహనం అని ఎప్పుడో చదివారు. ఆ రోజు బకెట్ దగ్గర అర్థమైంది.

"ఎలా తెలిసింది?" అన్న మీ ప్రశ్నకు జవాబు రావాలంటే ఒక నోటుపుస్తకం పెట్టించండి. వార్త చదివాక పిల్లలు తమ మాటల్లో రాయాల్సినవి నాలుగే: ఎవరు కొలిచారు, దేనితో కొలిచారు, ఎంత వచ్చింది, ఇంకా తెలియనిది ఏమిటి. నాలుగో దానికి జవాబు రాయలేకపోతే వార్త మళ్లీ చదవాలి. మొదట్లో విసుక్కుంటారు. రెండు నెలలు గడిచేసరికి, మనం ఏదైనా చెబితే "దేనితో కొలిచారు?" అని మననే నిలదీస్తారు.

ఇక వార్తలు దొరికే చోట్లు. మీ అమ్మాయి వయసుకు సైన్స్ న్యూస్ ఎక్స్‌ప్లోర్స్ అనే అమెరికన్ సైట్ బాగుంటుంది. 2003లో పిల్లల కోసమే మొదలుపెట్టారు, చదవడానికి డబ్బు కట్టనక్కరలేదు. కథనం చివర కఠినమైన పదాలకు అర్థాలు ఇస్తారు. ముందు ఆ పదాలు చదివించి, తర్వాత కథనంలోకి వెళ్లమనండి. అబ్బాయికి నాసా వాళ్ల స్పేస్ ప్లేస్ చాలు, చిన్న వాక్యాలు, బొమ్మలు, ఆటలు ఉంటాయి. ఇద్దరికీ కలిపి నాసా వాళ్ల "రోజుకొక ఖగోళ చిత్రం" (APOD) అనే సైట్. 1995 జూన్ 16 నుంచి రోజుకొక చిత్రం, దాని కింద ఖగోళ శాస్త్రజ్ఞులు రాసిన వివరణ పెడుతున్నారు. పాతవన్నీ తేదీల వారీగా ఉన్నాయి. పుట్టినరోజున ఏ చిత్రం వచ్చిందో వెతకమంటే చాలు, పిల్లలు ఆ సైట్‌ను ఇక మరిచిపోరు. వివరణ మొత్తం చదివించబోకండి, మొదటి రెండు వాక్యాలు చాలు.

వీటన్నిటిలో నాకు ఎక్కువ ఇష్టమైనది ఫ్రాంటియర్స్ ఫర్ యంగ్ మైండ్స్. 2013లో మొదలైంది. పరిశోధన చేసిన శాస్త్రజ్ఞులే తమ పనిని పిల్లల కోసం వ్యాసంగా రాస్తారు. అచ్చు వేసే ముందు దాన్ని 8 నుంచి 15 ఏళ్ల పిల్లలు, పక్కన ఒక పెద్దవారి సాయంతో పరిశీలిస్తారు. ఈ పేరా అర్థం కాలేదు, ఈ బొమ్మ సరిపోలేదు అని పిల్లలు రాస్తే శాస్త్రజ్ఞులు సరిదిద్దుకోవాలి. నోబెల్ బహుమతి పొందినవాళ్లు కూడా ఇక్కడ రాశారు. ఒకసారి మా పిల్లలకు ఒక వ్యాసం మొదట్లో పరిశీలకుల వయసు చూపించాను. "మా అంత వాళ్లు సైంటిస్టు రాసింది దిద్దారా!" అని ఒకమ్మాయి నోరు తెరిచింది. ఆ వారమంతా తన సైన్స్ పాఠ్యపుస్తకంలో అర్థం కాని పేరాల పక్కన పెన్సిలుతో గుర్తులు పెట్టుకుంటూ కూర్చుంది. మీ అమ్మాయి చేత కూడా ఆ పని చేయించండి. అర్థం కాలేదని గట్టిగా చెప్పగలగడం సైన్స్‌లో చాలా పెద్ద విద్య.

ఇంగ్లీషు రాదని ఆగిపోవద్దు. ముందు శీర్షిక, బొమ్మల కింది మాటలు చూసి విషయం ఏమై ఉంటుందో ఊహించమనండి. ఆ తర్వాతే ఫోనులో అనువాదం. ఫోను అనువాదాన్ని ఉన్నదున్నట్టు నమ్మకండి. విద్యుత్తు గురించిన వ్యాసంలో కరెంటు అన్నచోటల్లా "ప్రస్తుతం" అని, పవర్ అన్నచోట "అధికారం" అని రావడం నేను చూశాను. దీనికి మందు మీ ఇంట్లోనే ఉంది. ఇప్పుడు మన రెండు రాష్ట్రాల సర్కారు పాఠ్యపుస్తకాల్లో ఒక పక్క తెలుగు, ఎదురు పక్క ఇంగ్లీషు ఉంటున్నాయి. ఆ పుస్తకమే మీ నిఘంటువు. ఇంగ్లీషు వార్తలో కొత్త పదం తగిలినప్పుడల్లా దాన్ని పాఠంలో వెతికి, ఎదురు పేజీలో తెలుగు మాట చూసి రాసుకోమనండి. వార్త వల్ల పాఠం, పాఠం వల్ల వార్త రెండూ వస్తాయి.

తెలుగులో ఉన్నవాటిలో మొదట చెప్పవలసింది దీక్షా, బడి పాఠాల కోసం ప్రభుత్వం నడిపే ఉచిత యాప్. పాఠ్యపుస్తకంలో అధ్యాయం దగ్గర ముద్రించిన క్యూఆర్ కోడును ఆ యాప్‌కు చూపిస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియోలు, ప్రశ్నలు వస్తాయి. అన్నీ ఒకే నాణ్యతతో ఉండవు, కానీ పాఠానికి అతుక్కుని ఉంటాయి. సైన్స్ ప్రచారం చేసే జన విజ్ఞాన వేదిక తెచ్చే చెకుముకి అనే పిల్లల సైన్స్ మాసపత్రికను ఇంటికి తెప్పించండి. ఆ పేరుతోనే వాళ్లు బడి పిల్లలకు పోటీలు కూడా పెడతారు. మద్రాసు ఐఐటీ ఆచార్యులు శ్రీనివాస చక్రవర్తి గారు ఎన్నో సైన్స్ పుస్తకాలను తెలుగులోకి తెచ్చారు. శాస్త్ర విజ్ఞానం మీద ఆయన తెలుగు బ్లాగు కూడా ఉంది. ఆ తెలుగు ఎంత హాయిగా ఉంటుందంటే, మీరు పైకి చదువుతుంటే ఇద్దరు పిల్లలూ పక్కన చేరి వింటారు.

అరవింద్ గుప్తా గారి సంగతి కాస్త ఎక్కువ చెప్పాలి. కాన్పూరు ఐఐటీలో ఇంజినీరింగ్ చదివి, జీవితమంతా చెత్తబుట్టలో పడేసే వస్తువులతో సైన్స్ బొమ్మలు చేయడం నేర్పారు. 2018లో పద్మశ్రీ వచ్చింది. ఆయన సైట్‌లో బొమ్మల తయారీ వీడియోలు, తెలుగు సహా ఎన్నో భాషల పుస్తకాలు ఉచితంగా ఉన్నాయి. అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలతో త్రిభుజాలు, ఘనాలు కట్టడం మీ అబ్బాయికి మొదటి రోజే చేతనవుతుంది. ఏడో తరగతి అమ్మాయి చేత చిన్న మోటారు చేయించండి. ఒక బ్యాటరీ, రెండు పిన్నీసులు, చిన్న అయస్కాంతం, పూత ఉన్న రాగి తీగ చుట్ట ఒకటి ఉంటే సరి. చాలా ఇళ్లలో ఈ మోటారు తిరగక పక్కన పడేస్తారు. కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. తీగ ఒక కొస మీద పూత చుట్టూ పూర్తిగా గీకేయాలి. రెండో కొస మీద ఒక పక్క మాత్రమే గీకి, మిగతా సగం అలాగే వదిలేయాలి. రెండు వైపులా పూర్తిగా గీకితే చుట్ట ఒక ఊపు ఊగి ఆగిపోతుంది. ఎందుకు ఆగుతుందో వెంటనే చెప్పేయకండి, రెండు రోజులు కుస్తీ పట్టనివ్వండి.

కంప్యూటర్‌లోనో ఫోనులోనో చేసే ప్రయోగాలకు ఫెట్ (PhET) అనే సైట్‌ను మించింది నేను చూడలేదు. భౌతికశాస్త్రంలో నోబెల్ పొందిన కార్ల్ వీమన్ 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టారు. అన్నీ ఉచితం, కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. ఒకసారి దించుకుంటే ఇంటర్నెట్ లేకపోయినా నడుస్తాయి. అయితే ఒక్క షరతు: మీట నొక్కే ముందు ఏం జరుగుతుందో కాగితం మీద రాయాలి. లోలకంలో గుండు బరువు రెట్టింపు చేస్తే ఊగే వేగం మారుతుందా? మా పిల్లల్లో ముప్పావు వంతు మంది "మారుతుంది" అనే రాశారు. తెర మీద మారలేదు. అయినా తెరను నమ్మకుండా తాళం కప్పను దారానికి కట్టి, పది ఊపులు లెక్కపెట్టి, తర్వాత రెండు తాళం కప్పలు కట్టి మళ్లీ లెక్కపెట్టారు. ముందు తప్పుగా ఊహించి ఉండకపోతే ఆ పట్టుదల వచ్చేదే కాదు.

చదివినవన్నీ కలిపి పెద్ద పని ఒకటి చేయించవచ్చా అంటే, చేయించవచ్చు. రెండు వేల రెండు వందల ఏళ్ల కిందట ఎరటోస్తనీస్ అనే గ్రీకు పండితుడు రెండు ఊళ్లలో పడిన నీడల తేడాతో భూమి చుట్టుకొలత లెక్కగట్టాడని పిల్లలు ఇంటర్నెట్‌లో చదివారు. "మనమూ చేద్దాం" అన్నారు. నాతో పాటు బీఈడీ చదివిన స్నేహితురాలు అనంతపురంలో టీచరుగా ఉండేది. ఆదిలాబాదు, అనంతపురం దాదాపు ఒకే ఉత్తర దక్షిణ రేఖ మీద ఉన్నాయి. డిసెంబరు 22న రెండు చోట్లా మీటరు కర్ర నిలబెట్టి, పదకొండున్నర నుంచి పది నిమిషాలకొకసారి నీడ కొసను గుర్తుపెట్టి, అన్నిటికంటే పొట్టి నీడను తీసుకున్నారు. మాకు 93 సెంటీమీటర్లు, వాళ్లకు 79. కర్రనూ నీడనూ కాగితం మీద తగ్గించి గీసి, కోణమానినితో కొలిస్తే సూర్యుడు నడినెత్తి నుంచి మా దగ్గర 43 డిగ్రీలు, వాళ్ల దగ్గర 38న్నర డిగ్రీలు వంగి ఉన్నట్టు తేలింది. తేడా నాలుగున్నర. వృత్తంలో నాలుగున్నర డిగ్రీల ముక్కలు 80. పటం మీద స్కేలు పెట్టి కొలిచిన ఉత్తర దక్షిణ దూరం సుమారు 550 కిలోమీటర్లు. గుణిస్తే 44,000.

అసలు విలువ సుమారు 40,000. పిల్లలు డీలా పడిపోయారు. నేను మాత్రం లోలోపల ఎంతో ఆనందపడ్డాను, ఎందుకంటే ఆ సాయంత్రం ఫోనులో రెండు ఊళ్ల పిల్లలు గంటసేపు మాట్లాడుకున్నది తప్పు ఎక్కడ జరిగిందన్న దాని గురించే. కర్ర నిటారుగా ఉందా? నేల చదునుగా ఉందా? నీడ కొస మసకగా ఉంటే ఎక్కడ గుర్తు పెట్టారు? మరునాడు దారానికి రాయి కట్టి వేలాడదీసి కర్రను సరిచేశారు, పళ్లెంలో నీళ్లు పోసి నేల వాలు చూసుకున్నారు. ఈసారి 94, 78. కోణాల తేడా 5 డిగ్రీలు. 72 ముక్కలు, 39,600 కిలోమీటర్లు. ఒక్క సెంటీమీటరు పొరపాటు భూమిని నాలుగు వేల కిలోమీటర్లు ఉబ్బించిందని తెలిశాక, "ఈ కొలతలో తప్పు ఎంత ఉండొచ్చు?" అన్న ప్రశ్న వాళ్ల నోటుపుస్తకాల్లో ఐదోదిగా చేరింది. అది నేను చేర్చింది కాదు.

అబద్ధపు వార్తల గురించి మీరు అడగలేదు కానీ చెప్పక తప్పదు, పిల్లల ఫోనుల్లోకి ముందు వచ్చేవి అవే. దీపావళి రాత్రి అంతరిక్షం నుంచి భారతదేశం అంటూ ప్రతి ఏడాదీ రంగురంగుల బొమ్మ ఒకటి తిరుగుతుంది. అది ఒక రాత్రి తీసిన ఫోటో కాదు. 1992 నుంచి 2003 వరకు ఉపగ్రహాలు సేకరించిన రాత్రి వెలుగుల సమాచారాన్ని, ఒక్కో కాలంలో కొత్తగా వెలిగిన దీపాలకు ఒక్కో రంగు వేసి కలిపిన చిత్రం. ఊళ్లు పెరిగిన తీరు చూపడం దాని ఉద్దేశం. దీపావళి వెలుగు అంత ఎత్తు నుంచి విడిగా గుర్తుపట్టేంత ఉండదని నాసాయే 2012లో వివరించింది. ఈ బొమ్మ వచ్చినప్పుడు తుడిచేయకండి. నోటుపుస్తకంలోని నాలుగు ప్రశ్నలతో పిల్లల చేతే విప్పించండి. "ఈ రాత్రి పన్నెండున్నర నుంచి కాస్మిక్ కిరణాలు వస్తాయి, ఫోను ఆపేయండి" అనే సందేశాన్ని మా పిల్లలు ఒకే ప్రశ్నతో పక్కన పెట్టారు: ఎవరు కొలిచారో అందులో లేదు. కాస్మిక్ కిరణాలు మన మీద ప్రతి క్షణం పడుతూనే ఉంటాయన్న సంగతి ఆ తర్వాత తెలుసుకున్నారు.

పిల్లలు నిజమైన పరిశోధనకు సాయపడే చోట్లు కూడా ఉన్నాయి. చెట్లు కాలాన్ని బట్టి ఎలా మారుతున్నాయో జనం చేత రాయించే సీజన్‌వాచ్‌లో మీ ఇంటి దగ్గరి మామిడినో చింతనో నమోదు చేసుకుని, వారానికొకసారి చిగురు, పూత, కాయ ఎంత ఉన్నాయో రాస్తే చాలు. ఐదో తరగతి అబ్బాయికి సరిగ్గా సరిపోయే పని. ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే పక్షుల లెక్కింపులో కనీసం పావుగంట కూర్చుని కనిపించిన పిట్టల్ని లెక్కపెట్టి పంపవచ్చు. మామూలు జనం పరిశోధనకు సాయపడే జూనివర్స్ అనే సైట్‌లో గెలాక్సీల ఫోటోలు చూసి ఆకారం చెప్పడం వంటి పనులు ఉంటాయి. దానికి ముందు మొదలైన గెలాక్సీ జూలో 2007లో అలా చూస్తూ చూస్తూ ఒక డచ్ స్కూలు టీచరు హానీ వాన్ ఆర్కెల్, అప్పటిదాకా శాస్త్రజ్ఞులెవరూ గుర్తించని ఒక వింత వాయు మేఘాన్ని అంతరిక్షంలో కనిపెట్టారు. ఇంగ్లీషు ఎక్కువ కాబట్టి జూనివర్స్‌కు మీరు పక్కన కూర్చోవాలి.

డబ్బు కట్టే యాప్ సంగతి సూటిగా చెబుతాను: వద్దు. మా బంధువులు ఒకరు మూడేళ్లకు కలిపి పెద్ద మొత్తం కట్టారు. నాలుగో నెల నుంచి పిల్లవాడు దాన్ని తెరవలేదు, డబ్బు వెనక్కి రాలేదు. పైన చెప్పినవాటిలో చెకుముకి తప్ప దేనికీ ఖర్చు లేదు. ఆ డబ్బుతో ప్రయోగశాల థర్మామీటరు, భూతద్దం, రెండు అయస్కాంతాలు, కొలత టేపు, పూత ఉన్న రాగి తీగ కొనండి. ఇంకా మిగిలితే, శ్రీహరికోటలో ప్రయోగం ఉన్నప్పుడు ఇస్రో సైట్‌లో ముందుగా పేర్లు నమోదు చేసుకుని పిల్లల్ని తీసుకెళ్లండి. అక్కడ 2019లో జనం కూర్చుని చూడటానికి గ్యాలరీ కట్టారు, ఒంగోలు నుంచి మీకు అదేమంత దూరం కాదు. రాకెట్ ముందు కనిపించి, చప్పుడు ఆలస్యంగా వచ్చినప్పుడు మీ అమ్మాయి చేతిలో గడియారం ఉండేలా చూడండి.

ఈ ఏప్రిల్ మూడో వారం నుంచి డాబా మీద కర్ర ఒకటి నిలబెట్టి, రోజూ మధ్యాహ్నం పొట్టి నీడ కొసను సుద్దతో గుర్తుపెట్టమనండి. రోజురోజుకీ నీడ కుంచించుకుపోయి, మే మొదటి వారంలో ఒక రోజు పూర్తిగా మాయమవుతుంది. ఏ రోజో నేను చెప్పను, మీ పిల్లలే పట్టుకోవాలి. హైదరాబాదులో అది మే 9. సూర్యుడు మీ ఊరి నడినెత్తి దాటాక మా ఆదిలాబాదుకు చేరడానికి ఇంకో రెండు వారాలకు పైనే పడుతుంది. మీ తేదీ రాగానే రాయండి. ఇక్కడ మా వాళ్లు కర్ర నిలబెట్టుకుని మీ లెక్క కోసం చూస్తుంటారు.